భవిత కేంద్రం మూతపడి ఆరు నెలలు: మా 22 మంది పిల్లల ఇళ్లకు ఫోన్‌లో ఏం చెయ్యగలను?

గద్వాల_టీచర్ | 13 సెప్టెంబరు 2020, ఆదివారం

అందరికీ నమస్కారం. నేను జోగులాంబ గద్వాల జిల్లాలో ఒక మండలంలో భవిత కేంద్రం టీచర్ని. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద నడిచే కేంద్రం మాది. నా రిజిస్టర్‌లో 22 మంది పిల్లలున్నారు. 14 మంది కేంద్రానికి వచ్చేవాళ్లు. మిగతా 8 మంది మంచం దిగలేని, ఊరు దాటలేని పిల్లలు, వాళ్ల ఇళ్లకు నేనే వెళ్లేదాన్ని. వారానికి ఒక రోజు ఫిజియోథెరపీ డాక్టర్ వచ్చేవారు. మార్చిలో బడులు మూసినప్పటి నుంచి అన్నీ ఆగిపోయాయి.

ఈ నెల 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, రాష్ట్ర ప్రభుత్వ చానల్ టీశాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. మిగతా పిల్లలకు ఏదో ఒక దారి దొరికింది, సంతోషమే. మా పిల్లల సంగతి చెప్తాను. ఏడో తరగతి పాప ఒకతి ఉంది, చూపు లేదు. టీవీ ముందు బుద్ధిగా కూర్చుంటుంది. లెక్కల సార్ బోర్డు మీద వేలు పెట్టి "ఇది తీసుకొచ్చి ఇక్కడ వేస్తే ఇదిగో ఇంత వస్తుంది" అంటారు. పాప నాకు ఫోన్ చేసి "ఇక్కడ అంటే ఎక్కడ మేడం?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు బిగుసుకుపోయి, కదలికలు కష్టమయ్యే స్థితి) ఉన్న బాబు ఒకడు, ఎనిమిదేళ్లు. రెండేళ్లు కష్టపడితే గోడ పట్టుకుని నిలబడటం వచ్చింది. మొన్న వాళ్ల నాన్న పంపిన వీడియోలో మోకాళ్లు మళ్లీ ముడుచుకుని ఉన్నాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆటిజం ఉన్న ఇంకో బాబుకి ఫోన్ అంటే పాటలు. తెరమీద నా ముఖం కనపడగానే ఎర్ర బటన్ నొక్కేస్తాడు.

22 ఇళ్లలో స్మార్ట్ ఫోన్ ఉన్నవి తొమ్మిది. ఆ తొమ్మిదీ పొద్దున్నే నాన్నల జేబుల్లో వెళ్లిపోతాయి. ఇది మా దగ్గర సీడు పత్తి క్రాసింగ్ సీజను, అంటే విత్తనం కోసం పత్తి పువ్వులకు చేత్తో పుప్పొడి అంటించే పని, ఆడవాళ్లు ఇంట్లో ఉండరు. నేను వాట్సాప్‌లో వ్యాయామాల వీడియోలు పెడుతూ పోయాను. ఒక తల్లి అన్నది: "సూసిన మేడం. గానీ ఎప్పుడు సేపియ్యాల? తెల్లారక ముందు పోతే పొద్దుగూకినాక వస్తా. వచ్చి వంట సెయ్యాల్నా, వాని కాళ్లు పట్టాల్నా?" కోపంతో అనలేదు. నిజంగానే నన్ను సలహా అడిగింది.

మాకు పైనుంచి ఏ రోజుకారోజు ఫొటోలు పెట్టమని అడుగుతున్నారు. దాంతో నేను తల్లులకు ఫోన్ చేసి మొదట అడిగే మాటే "ఫొటో తీశారా?" అయిపోయింది. నాకే బాధగా ఉంది.

ఇలాంటి పని చేస్తున్నవాళ్లు, పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఉంటే చెప్పండి. రోజుకు ఒక ఇంటికి పది పదిహేను నిమిషాలు, అదీ మామూలు కీప్యాడ్ ఫోన్‌లో దొరికితే, ఆ కాసేపట్లో నేను ఏం మాట్లాడాలి? ఏం చేయించాలి?

బాబు_వాళ్లమ్మ (గుంటూరు) | 13 సెప్టెంబరు, రాత్రి

టీచర్ గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మా బాబుకి పన్నెండేళ్లు, ఆటిజం. మాటలు పది పన్నెండు ఉంటాయి.

ఏప్రిల్‌లో మా బడివాళ్లు నలభైకి పైగా వీడియోలు పంపారండీ. తప్పు పట్టడం లేదు, మంచి మనసుతోనే పంపారు. అవి నేను చూసేది రాత్రి పదకొండింటికి, బాబు పడుకున్నాక. ఒక్కొక్కటీ చూస్తుంటే "ఇది కూడా నేను చేయించలేదు" అనిపించేది. నలభై వీడియోలంటే నలభై తప్పులు నా మెడకు చుట్టుకున్నట్టు ఉండేది. ఏడ్చి పడుకునేదాన్ని.

మే నెలలో వాడి క్లాస్ టీచర్ ఫోన్ చేశారు. వీడియోల సంగతే ఎత్తలేదు. "మీ ఇంట్లో రోజు మొత్తంలో ఏ గంట అన్నిటికన్నా కష్టంగా ఉంది?" అని అడిగారు. స్నానం, అన్నాను. అరుపులు, కొట్టడం, నా చేతినిండా రక్కులు. "అయితే మూడు వారాలు స్నానం ఒక్కటే పెట్టుకుందాం, ఇంకేమీ వద్దు" అన్నారు. చదువులు వద్దు, పూసలు గుచ్చడం వద్దు. పాత పెళ్లిపత్రిక వెనకాల నేను అయిదు బొమ్మలు గీశాను: బకెట్, మగ్గు, సబ్బు, తువ్వాలు, చొక్కా. బాత్రూం తలుపుకి అంటించాను. మగ్గులు లెక్కపెడుతూ పోయడం, పదో మగ్గుతో ఆపేయడం. స్నానం ఎప్పుడు అయిపోతుందో తెలియకే వాడికి అంత టెన్షన్ అని ఆవిడ చెబితే గానీ నాకు తెలియలేదు. రెండో వారానికి వాడే "పది" అని తువ్వాలు లాక్కున్నాడు. ఇప్పుడు ఎవరైనా లెక్కలు ఏం నేర్చుకున్నాడని అడిగితే ఇదే చెప్తాను.

ఇంకో విషయం చెప్పాలి. లాక్‌డౌన్ మొదట్లో రోజూ ఎనిమిదిన్నరకి బ్యాగు తగిలించుకుని గేటు దగ్గర ఆటో కోసం నిలబడేవాడు. రాకపోతే తొమ్మిదింటి నుంచి గోడకి తల కొట్టుకునేవాడు. "బడి లేదు నాన్నా" అంటే ఆ మాట వాడికి అందదు. తరవాత ఆ టైముకి నేనే బ్యాగు తగిలించి, మాస్కు పెట్టి, మా వీధి చివర దాకా నడిపించి వెనక్కి తీసుకొచ్చేదాన్ని. వచ్చి బ్యాగు మేకుకి తగిలించేస్తాడు. వాడి మనసులో బడికి వెళ్లొచ్చినట్టే. మీ పిల్లల్లో కూడా ఎవరైనా ఇలా ఎదురు చూస్తున్నారేమో తల్లుల్ని అడగండి. మేము అడిగితే తప్ప చెప్పుకోం.

ఎర్ర బటన్ నొక్కే బాబు గురించి: వాడికి మీ ముఖం చూపించకండి. ఫోన్ వాడికి కనపడని చోట పెట్టించి, తల్లితో మాట్లాడండి. వాడితో మాట్లాడేది ఆవిడ, ఆవిడతో మాట్లాడేది మీరు. ఒక్క మాట మాత్రం బతిమాలుతున్నాను. బిడ్డ అరుస్తున్నప్పటి వీడియో ఏ గ్రూపులోనూ పెట్టనివ్వకండి. పది మంది చూసేస్తారు, మాకు అది ఎప్పటికీ పోదు.

విశ్రాంత_మాష్టారు (సికింద్రాబాద్) | 14 సెప్టెంబరు

అమ్మా, నేను ఇక్కడి మనోవికాస్ నగర్‌లో, బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థలో శిక్షణ పొందినవాణ్ని. అప్పుడు దాన్ని ఎన్ఐఎంహెచ్ అనేవాళ్లం, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. చాలా ఏళ్లు బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు పాఠాలు చెప్పాను. పై తల్లి చెప్పిన దానిలో నేను కలిపేది కొంచెమే.

ముందు కాళ్ల సంగతి, అది ఆగేది కాదు కాబట్టి. ఆరు నెలల్లో పిల్లవాడు పెరిగి ఉంటాడు. వాడికి మార్చికి ముందు చేయించిన కాలిపర్లు, స్ప్లింట్లు (కాళ్లకు ఆసరాగా తొడిగేవి) ఉంటే ఇప్పుడు ఇరుకైపోయి ఉండవచ్చు. ఇవాళే ఫోన్ చేసి ఒక పని చెప్పండి. అవి విప్పగానే చర్మం మీద ఎర్ర మచ్చలున్నాయేమో చూడమనండి. అరగంటలో మచ్చ పోతే ఫరవాలేదు. పోకుండా అలాగే ఉంటే పుండు పడటానికి మొదలు. అప్పుడు తొడగడం ఆపి ఫిజియోథెరపిస్టుకు చూపించాలి. ముడుచుకున్న మోకాలిని బలవంతంగా లాగి సాపు చెయ్యవద్దని గట్టిగా చెప్పండి. ప్రేమతోనే లాగుతారు, ఎముకకు దెబ్బ తగులుతుంది. ఫిజియోథెరపిస్టుతో ఒక్క వీడియో కాల్ ఏర్పాటు చెయ్యండి. ఆయన వ్యాయామం చేసి చూపించడం కాదు, తల్లి చెయ్యి ఎక్కడ పట్టుకుంటున్నదో ఆయన చూడాలి. పది నిమిషాలు చాలు.

కూర్చోబెట్టడం కూడా అడగండి. నులక మంచంలో కూరుకుపోయి పడుకునే పిల్లవాడికి, రెండు గోడలు కలిసే మూలలో దుప్పటి మడత వేసి కూర్చోబెట్టిన పిల్లవాడికి చాలా తేడా ఉంటుంది. మూలలో కూర్చుంటే వెన్నుకు రెండు వైపులా ఆసరా, చేతులు ఖాళీ. చేతులు ఖాళీగా ఉంటే పని ఇవ్వవచ్చు. మూర్ఛ ఉన్న పిల్లలుంటే మాత్రలు అయిపోయాయేమో అడగండి. అవి హఠాత్తుగా మానకూడదు.

ఇక ఆ తల్లి అడిగిన ప్రశ్న, వంటా, కాళ్లా అని. ఆమెకు కొత్త పని ఏదీ చెప్పకమ్మా. ఆమె ఎలాగూ చేసే పనుల్లోకే బిడ్డను లాగు. మీ వైపు వేరుసెనగ పండుతుంది కదా. కాయ ఒలవడం కన్నా వేళ్లకు మంచి వ్యాయామం నాకు తెలియదు. వెల్లుల్లి రెబ్బలు విడదీయడం, ఆరిన బట్టల్లో ఎవరి బట్టలు వాళ్లవిగా వేరు చెయ్యడం, కంచాలు ఇంట్లో ఎంతమందికి అన్ని పెట్టడం. ఇందులో లెక్క ఉంది, మాట ఉంది, చేతిపని ఉంది.

నేర్పే పద్ధతి ఒక్కటి మాత్రం తల్లికి ఫోన్‌లో చెప్పండి. పనిని ముక్కలు చేసి, చివరి ముక్క బిడ్డకు వదలాలి. చొక్కా తొడగాలంటే చేతులు దూర్చేది అమ్మే, గుండీలు పెట్టేది అమ్మే. ఆఖరి గుండీ సగం దూర్చి వదిలిపెడితే వాడు లాగుతాడు. పని పూర్తి చేసినవాడు వాడే అవుతాడు. అది కుదిరాక చివరి రెండు. మనవాళ్లు మొదటి మెట్టు నుంచి మొదలుపెడతారు, పిల్లవాడు మధ్యలో విసిగిపోతాడు, "వీడికి రాదు" అని అమ్మ చేసేస్తుంది. ఈ ఒక్క మార్పుతో ఎంతోమంది ఇళ్లలో ఆ మాట ఆగిపోవడం నేను చూశాను.

ఫోన్ చేసే వేళ తల్లినే అడగండి, ఆమె చెప్పిన వేళకే చెయ్యండి. ఫొటోలకు బదులు ఒక నోటు పుస్తకంలో ఇంటికొక పేజీ పెట్టి, ఏ రోజు ఏం మాట్లాడారో రెండు వాక్యాలు రాయండి. అడిగినవాళ్లకు అది చూపించండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆరు నుంచి పద్ధెనిమిదేళ్ల వరకు ఈ పిల్లలకు ఉచిత చదువు హక్కుగా ఇచ్చింది. ఆ చదువు ఏ మేరకు అందుతున్నదో ఫొటో కన్నా మీ పుస్తకమే బాగా చెబుతుంది.

డాలస్_నాన్న | 14 సెప్టెంబరు

మాది గద్వాల పక్కన కర్నూలే. ఇప్పుడు టెక్సాస్‌లో ఉంటున్నాం. మా అమ్మాయికి డౌన్ సిండ్రోమ్, ఆరేళ్లు. ఇక్కడ పిల్లకి ఏమేమి నేర్పాలో రాసుకునే ప్లానుని ఐఈపీ అంటారు, ఆ ప్లాను మీద తల్లిదండ్రులతో కలిసి జరిగే మీటింగుని మా రాష్ట్రంలో ఆర్డ్ అంటారు. మార్చి తరవాత అవన్నీ ఫోన్లోనే. ఇంట్లో రెండు ల్యాప్‌టాప్‌లు, మంచి ఇంటర్నెట్ ఉండి కూడా మా పాప జూమ్ క్లాసులో నాలుగు నిమిషాలు కూర్చోలేదు. కాబట్టి ఫోన్లు లేకపోవడం వల్లే మీకు కుదరడం లేదని అనుకోకండి.

మాకు పనికొచ్చింది ఒకటే. స్పీచ్ థెరపిస్ట్ పాపతో మాట్లాడటం మానేసి, మేము అన్నం పెడుతుంటే చూడటం మొదలుపెట్టారు. "మీరు తను అడగకముందే ఇచ్చేస్తున్నారు. గిన్నె చేతిలో పట్టుకుని అయిదు లెక్కపెట్టేదాకా ఆగండి" అన్నారు. ఆగితే "పెలుగు" అన్నది. పెరుగు అని. తెలుగులో. ఇన్నాళ్లూ పిల్ల అయోమయపడుతుందేమోనని ఇంగ్లీషే మాట్లాడాం. ఆవిడే అన్నారు, మీ భాషలోనే మాట్లాడండి అని. మీ పిల్లల ఇళ్లలో ఆ ఇబ్బంది లేదు, అది పెద్ద బలం.

గద్వాల_టీచర్ | 27 సెప్టెంబరు, ఆదివారం

అందరికీ పేరుపేరునా దండాలు. రెండు వారాలు ఆలస్యంగా రాస్తున్నాను.

మాష్టారు చెప్పిన రోజే ఫోన్ చేశాను. బాబు కాలిపర్ విప్పితే మడమ పైన ఎర్రగా కమిలి ఉంది, మరునాటికి కూడా పోలేదు. ఆపించాను. ఫిజియో డాక్టర్ గారు రాత్రి ఎనిమిదిన్నరకి వీడియో కాల్‌కి ఒప్పుకున్నారు. తల్లి మోకాలి చిప్ప మీద చెయ్యి పెట్టి నొక్కుతోంది, అది వద్దన్నారు. తొడ కింద చెయ్యి ఎలా పెట్టాలో మూడుసార్లు చేయించారు. బాబు ఏడవలేదు. "ఇట్లనా, నేను ఇన్ని దినాలు నొప్పి పెట్టిస్తి గదా" అని ఆమే ఏడ్చింది. కొత్త కాలిపర్ కొలతల కోసం జిల్లా కేంద్రానికి ఎప్పుడు తీసుకెళ్లాలో ఇంకా తేలలేదు, తిరుగుతున్నాను.

ఏడో తరగతి పాప పక్కింట్లో అదే తరగతి అమ్మాయి ఉంది. టీవీ ఆమె ఇంట్లోనే పెద్దది. ఇద్దరూ కలిసి కూర్చుంటున్నారు, బోర్డు మీద ఉన్నదంతా ఆమె పైకి చదువుతుంది. మొదటి రోజు ఒక లెక్క తప్పు చదివితే మా పాపే పట్టుకుని సరిదిద్దిందట. ఆ సంగతి ఇద్దరూ విడివిడిగా ఫోన్ చేసి చెప్పారు.

"ఏ గంట కష్టం?" అన్న ప్రశ్న అందరినీ అడిగాను. 19 ఇళ్లలో జవాబు చెప్పారు, ఒక్కరు కూడా చదువు పేరు ఎత్తలేదు. రాత్రి నిద్ర పోకపోవడం అన్నవాళ్లు ఆరుగురు. ఒక నానమ్మ అయితే "నన్ను ఇట్ల అడిగినోళ్లు ఎవరూ లేరు బిడ్డా" అని నలభై నిమిషాలు మాట్లాడింది. మధ్యలో నేను ఏమీ చెప్పలేదు, విన్నాను.

ఫొటోల సంగతి: నోటు పుస్తకం చూపించాను. రెండూ కావాలన్నారు. ఇప్పుడు వారానికొకటి, తల్లి సరే అంటేనే, బిడ్డ చేతులు మాత్రం కనపడేలా తీయిస్తున్నాను. వేరుసెనగ కాయలు ఒలిచే చేతుల ఫొటోలు నా ఫోన్లో పదకొండు ఉన్నాయి.

మూడు ఇళ్లవాళ్లు మాత్రం ఫోన్ ఎత్తడం లేదు. అందులో రెండు కుటుంబాలు పనికోసం ఊరు విడిచి వెళ్లాయని తెలిసింది, పిల్లల్ని కూడా తీసుకెళ్లారట. మూడో ఇల్లు ఊళ్లోనే ఉంది. పోయినసారి వెళ్తే తలుపు దగ్గరే నిలబెట్టి "బాగున్నాడు మేడం" అని మాత్రం అన్నారు. లోపల నుంచి వాడి గొంతు వినపడింది, నా మాట గుర్తుపట్టాడు. మంగళవారం మళ్లీ వెళ్తున్నాను. ఈసారి రిజిస్టర్ తీసుకెళ్లను.