పాత నికాన్ లెన్సును కెనాన్ కెమెరాకు తగిలించవచ్చా?

ప్రశ్న (నల్లగొండ):
గడియారం సెంటర్‌లో మా నాన్నగారు నడిపిన స్టూడియో నుంచి మిగిలిన 50 ఎంఎం నికాన్ లెన్సు నా దగ్గర ఉంది. ఎపర్చరు (వెలుతురు వచ్చే రంధ్రం) రింగు తిప్పితే ఇప్పటికీ టక్కుమని ఆగుతుంది. అడాప్టరుతో (మధ్యలో బిగించే రింగుతో) కెనాన్ ఈఎఫ్ రకం బాడీకి తగిలించి, పానగల్లు ఛాయా సోమేశ్వరాలయాన్ని దూరం నుంచి స్పష్టంగా తీయగలనా?

జవాబు (మహబూబ్‌నగర్):
తీయగలరండీ. మౌంటు (లెన్సు బిగించే చోటు) నుంచి ఫిల్ము లేదా సెన్సరు వరకు ఉండే దూరమే ఇక్కడ కీలకం. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్‌కు అది 46.5 మిల్లీమీటర్లు, 1987లో వచ్చిన కెనాన్ ఈఎఫ్‌కు 44. ఆ రెండున్నర మిల్లీమీటర్ల తేడాలో అడాప్టరు ఇమిడిపోతుంది కనుక ఎంత దూరంలో ఉన్న గోపురానికైనా ఫోకసు కుదురుతుంది. అదే కెనాన్ లెన్సును నికాన్ ఎఫ్ బాడీకి పెడితే, అది సెన్సరుకు దూరంగా జరిగి, దగ్గరి వస్తువులకే పనికొస్తుంది. ఫోకసు, ఎపర్చరు మాత్రం మీరే చేత్తో తిప్పుకోవాలి.

జవాబు (సూర్యాపేట):
ఈ దూరం పెద్దగా ఉండటానికి కారణం లోపల పైకి లేచే అద్దం. దానికి చోటు వదలాల్సి రావడం వల్లనే ఫిల్ముకు దగ్గరగా ఉండాల్సిన వైడ్ లెన్సుల (విశాల దృశ్యాన్ని పట్టేవాటి) రూపకల్పన కష్టమైంది; ముందు భాగంలో కిరణాలను విడదీసే గాజును పెట్టి, 1950లో ఆంజెన్యూ సంస్థ రెట్రోఫోకస్ పేరుతో 35 ఎంఎం లెన్సు తెచ్చింది, నా దృష్టిలో అది గొప్ప ఆలోచన. అద్దం లేని నికాన్ జెడ్‌లో ఆ దూరం 16 మిల్లీమీటర్లే. తగిలించే ముందు టార్చి వేసి లోపల బూజు (ఫంగస్) ఉందేమో చూడండి.

ప్రశ్న అడిగినవారు:
చూశానండీ. వెనుక గాజు అంచున సాలెపోగు లాంటి తెల్లని దారాలు రెండు కనిపించాయి. ముందుగా శుభ్రం చేయిస్తాను.