పాత ఎన్‌ఏడీ 3020 బాగుచేయించనా, కొత్తది కొననా?

పర్లాకిమిడి కుర్రాడు:
1982లో మా పెదనాన్న మస్కట్ నుంచి తెచ్చిన యాంప్లిఫయరు (యాంప్) ఇది. ఛానెల్‌కి 20 వాట్లే. నెలరోజులుగా ఎడమ స్పీకరు ఇష్టమైతే పాడుతుంది, లేదంటే అలిగి కూర్చుంటుంది. నెత్తిన ఒక్కటిస్తే మళ్లీ వస్తుంది. వాల్యూం సున్నాలో ఉన్నా గుయ్‌మంటోంది. విశాఖలో ఒక షాపాయన 'పాతసామాన్లకి వేసేయండి, లక్షన్నరలో హైఫై సెట్ చేసిపెడతా' అన్నాడు. పెదనాన్న వింటే నన్నే వేసేస్తారు. ఏం చెయ్యమంటారు?

బరంపురం మెకానిక్:
బాబూ, ముందు వెనకవైపు చూడు. 'ప్రీ అవుట్' అని రాసిన సాకెట్ల నుంచి 'నార్మల్ ఇన్' అని రాసినవాటికి కలుపుతూ వంపు తిరిగిన కమ్మీలు రెండుంటాయి. వానాకాలం తేమకి అవి నల్లబడి పట్టు వదిలేస్తాయి. ప్లగ్గు పీకేసి, కమ్మీలు లాగి, పెన్సిల్ రబ్బరుతో రుద్దు.

గుయ్‌మనడం వేరే రోగం. మన కరెంటు 50 హెర్ట్జ్, ఏసీని డీసీ చేసే రెక్టిఫయరు దాటాక 100 హెర్ట్జ్ అలలవుతాయి. వాటిని మింగాల్సిన పెద్ద కెపాసిటర్లు నలభై ఏళ్లకి ఎండిపోయి ఉంటాయి. అదే విలువ, వోల్టేజి తగ్గకుండా, 105 డిగ్రీల వేడికి తట్టుకునేవి వేయించు. మార్చాక నేరుగా ప్లగ్గులో పెట్టనివ్వకు. 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బుని సిరీస్‌లో, అంటే కరెంటు దాని గుండానే యాంప్‌కి వెళ్లేలా, పెట్టాలి. భగ్గున వెలిగి మసకబారితే సరే, వెలుగుతూనే ఉంటే లోపల షార్టే. అవుట్‌పుట్‌లో వేసే 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు ఇప్పటికీ దొరుకుతాయి, నకిలీలే ఎక్కువ.

రాయగడ శ్రోత:
నేను కొత్తదాని పక్షమే. నా క్లాస్-డీ (కరెంటుని వేగంగా ఆన్-ఆఫ్ చేస్తూ నడిచే రకం) యాంప్ వేడెక్కదు, అర్ధరాత్రి స్పీకరుకి చెవి ఆనించినా చడీచప్పుడుండదు. పాతదాంతో పోల్చా కూడా: అవే స్పీకర్లు, మల్టీమీటరుతో వోల్టేజి సమానం చేసి, మా ఆవిడ చేత వైర్లు మార్పించి, కళ్లు మూసుకుని. ఏది ఏదో పట్టుకోలేకపోయా. అందరూ చెప్పే ఆ 'పాత మాధుర్యం' నాకైతే వాల్యూం తేడాయే.

కానీ మొన్న పిడుగులవానకి కొత్తదాని పవర్ సప్లై పోయింది. బోర్డు నిండా చీమ తలకాయంత పార్టులు, మా ఊళ్లో ముట్టేవాడే లేడు. బోర్డు మొత్తం మార్చాలన్నారు, ఆ రేటు ఇక్కడ రాయను, ఆవిడ చదువుతుంది. ఆ లక్షన్నరలో సగం మంచి స్పీకర్లకి పెట్టండి. తేడా వినపడేది అక్కడే.

పర్లాకిమిడి కుర్రాడు:
కమ్మీలు బయటికి లాగాను. బొగ్గులా ఉన్నాయి! రుద్ది పెట్టగానే ఎడమపక్క వయొలిన్ లేచొచ్చింది, వరండాలోంచి పెదనాన్న 'ఎవర్రా బాగుచేసిందీ' అని కేకేశారు. గుయ్ మాత్రం పోలేదు. ఆదివారం బరంపురం తెస్తే కొట్టు తీసి ఉంటుందా, గురువుగారూ?

బరంపురం మెకానిక్:
మధ్యాహ్నం దాకా ఉంటా. ఈలోగా నెత్తిన కొట్టకు.