అప్‌డేట్: తమ్ముడి క్యాసిల్‌మన్ వ్యాధికి మందు మొదలైంది

తమ్ముడికి బయాప్సీలో క్యాసిల్‌మన్ వ్యాధి (లింఫ్ గ్రంథులు వాచి గడ్డలయ్యే అరుదైన జబ్బు) అని తేలింది, ఆపరేషన్‌తో పోతుందా అని అడిగాను కదా. గడ్డ ఒక్కచోటే ఉంటే తీసేస్తే చాలావరకు నయమవుతుందట. కానీ పెట్ స్కాన్‌లో మెడ, చంకలు, పొట్ట, అన్నిచోట్లా కనిపించాయి. ఆ రోజు అమ్మ అన్నం ముట్టలేదు.

హెచ్‌ఐవీ, హెచ్‌హెచ్‌వీ-8 (ఈ జబ్బు తేగల ఒక హెర్పిస్ రకం వైరస్) లేవని తేలాకే మందు నిర్ణయించారు. వాడిలో ఐఎల్-6 అనే ప్రొటీన్ ఎక్కువై జ్వరం, రక్తహీనత తెచ్చిపెట్టిందట. దాన్ని అడ్డుకునే సిల్టుక్సిమాబ్‌కి అమెరికాలో 2014లో అనుమతి వచ్చింది. మాకది దొరకలేదు. బదులుగా, ఐఎల్-6 పనినే అడ్డుకునే టోసిలిజుమాబ్ ఇస్తున్నారు; జపాన్‌లో 2005లోనే ఈ జబ్బుకి దాన్ని అనుమతించారు.

మూడో డోసు అయింది. రాత్రి చెమటలు ఆగాయి, హిమోగ్లోబిన్ 8 నుంచి 10కి వచ్చింది. గడ్డలు తగ్గాయో లేదో వచ్చే స్కాన్‌లో చూడాలి. నిన్న మాత్రం పెరుగన్నం మారు వడ్డించమన్నాడు. ధైర్యం చెప్పిన ప్రతి ఒక్కరికీ దణ్ణం.