బిచ్ ప్లానెట్ చుక్కలు: పాత అచ్చా, పైపూతా?

పాత_అచ్చు:
కెల్లీ స్యూ డికానిక్ రాసి, వాలెంటైన్ డి లాండ్రో బొమ్మలేసిన బిచ్ ప్లానెట్ కామిక్ సంగతి. ఇమేజ్ కామిక్స్ వాళ్లది, 2014 డిసెంబర్ నుంచి 2017 దాకా 10 సంచికలు. "ఫాదర్స్" అనే ఏలికల మాట వినని ఆడవాళ్లకి "నాన్ కంప్లయంట్" అని ముద్రేసి వేరే గ్రహం జైల్లో పడేస్తారు. "70ల లుక్ భలే దించారు" అని ఇక్కడ ప్రతివాడూ రాస్తున్నాడు. ఎక్కడ దించారండీ? అప్పట్లో రంగుని చిన్న చిన్న చుక్కలుగా అచ్చేసేవాళ్లు. నీలం, మెజెంటా (గులాబీ ఎరుపు), పసుపు ఒక్కోదానికి చుక్కల ఒత్తులో నాలుగే మెట్లు: 0, 25, 50, 100 శాతం. నాలుగు నాలుగులు, మళ్లీ నాలుగులు, మొత్తం 64 రంగులు. న్యూస్‌ప్రింట్ మీద సిరా పాకి 50 శాతం చుక్క 75లా కనబడేది. తెల్లటి నున్నటి కాగితం మీద కంప్యూటర్ రంగులేసి పైన చుక్కలు చల్లితే అది మేకప్పు, అంతే.

ఆఫ్‌సెట్_అన్న:
అచ్చంగా పాత పుస్తకమే అని ఎవరన్నారు బాబూ? చుక్కలు పుస్తకమంతా లేవు. 3వ సంచిక తీయండి, పెనీ రోల్ అనే ఖైదీ కథ, రాబర్ట్ విల్సన్ బొమ్మలు. చిన్నప్పటి ఘట్టాల్లో చుక్కలు, జైల్లోకి రాగానే మాయం. పక్కన "కొన్నేళ్ల క్రితం" అని రాయక్కర్లేకుండా అచ్చుతోనే చెప్పారు. అసలు పాతదనం కావాలంటే సంచిక చివర్లో దొంగ ప్రకటనలు చూడండి. ఎక్స్‌రే కళ్లద్దాలు అమ్మిన కాలం నాటి కామిక్స్ ప్రకటనల బాణీ, ఇరుకు అక్షరాలతో సహా.

మూడో_ప్యానెల్:
మధ్యలో ఒక డౌటు. నేను చుక్కలేస్తే కంప్యూటర్లో బాగుంటుంది, ఫోన్లో గళ్లు గళ్లుగా అలలొస్తాయి. ఎందుకు?

ఆఫ్‌సెట్_అన్న:
దాన్ని మోయిరే అంటారు. చుక్కల వరస, తెర పిక్సెళ్ల వరస ఒకదానికొకటి కుదరక వచ్చేది. అంగుళానికి 65 చుక్కల వరసలుండే స్క్రీన్‌ని 300 డీపీఐలో (అంగుళానికి 300 పిక్సెళ్లు) వేస్తే చుక్కకి నాలుగున్నర పిక్సెళ్లే దక్కుతాయి, ఆకారం నిలవదు. 1200లో వేస్తే 18. వెబ్‌కైతే చుక్కల దూరం సరిగ్గా 6 లేదా 8 పిక్సెళ్లు పెట్టి, చూపించే సైజులోనే చేసి, పీఎన్‌జీగా దాచండి. తర్వాత చిన్నది చేశారా, పోయినట్టే. జేపెగ్ చుక్క అంచుల్ని కొరికేస్తుంది.

ప్రెస్సుకి ఇంకో గండం. చుక్కలున్న పేజీని మామూలు బొమ్మలా పంపితే వాళ్ల మెషిన్ దాని మీద తన చుక్కలు మళ్లీ వేస్తుంది. సిరాకొకటి చొప్పున నాలుగు ప్లేట్లూ విడివిడిగా, నలుపూ తెలుపూ తప్ప మధ్య ఛాయలుండని 1-బిట్ టిఫ్‌లు ఇవ్వండి. చుక్కల వరసల వాలు నీలం 15, మెజెంటా 75 డిగ్రీలు, పసుపు 0. నలుపు గీతకి స్క్రీనే వద్దు.

పాత_అచ్చు:
ఇదంతా చెప్పి అసలు తప్పు వదిలేశారు. రిజిస్ట్రేషన్, అంటే రంగుల ప్లేట్లు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడటం. పసుపు ప్లేటు అర మిల్లీమీటరు జరిగితే పేజీ మొత్తం ఒకే దిక్కుకి జరగాలి. ఇప్పటివాళ్లు ఒక ప్యానెల్లో ఎడమకి, ఇంకో ప్యానెల్లో కుడికి జరుపుతారు. ప్లేటు ఒక్కటే కదా, అదెలా రెండు వైపులా పోతుంది?

ఆఫ్‌సెట్_అన్న:
ఒప్పుకున్నా. కానీ బిచ్ ప్లానెట్‌లో ఆ తప్పు ఏ పేజీలో ఉందో చూపించండి.

పాత_అచ్చు:
నేను ఆ పుస్తకం పేరు పెట్టలేదు, ఫ్యాషన్ గురించన్నా.

నీలిసిరా:
శీర్షికలోనే పెట్టారు సార్. నాలుగు పోస్టులుగా చూస్తున్నా, మీ మంట చుక్కల మీద కాదు. అదేదో సూటిగా అనేయండి.

పాత_అచ్చు:
సరే, అంటా. 70ల్లో ఫిలిప్పీన్స్‌లో తీసిన ఆడఖైదీల సినిమాలు దేనికి ఆడాయో అందరికీ తెలుసు. ఈ పుస్తకం వాటిని వెక్కిరిస్తానంటుంది. మరి మొదటి సంచికలోనే ఖైదీలందరినీ బట్టల్లేకుండా ఎందుకు నిలబెట్టారు? 4వ సంచికలో స్నానాల గది ఎందుకు? వెక్కిరింపు పేరుతో అదే సరుకు అమ్మడం కాదా?

నీలిసిరా:
అదీ అసలు మాట. ఇంతసేపూ 64 రంగుల వెనక దాక్కున్నారు. ఆ మొదటి సంచికలో నిలబడ్డ ఒళ్లు చూడండి: లావు, సన్నం, ముసలి, నలుపు. ఎవరూ ఫోజు పెట్టరు. తెల్లావిడ మరియన్ కాలిన్స్‌నే కథానాయిక అనిపించి, ఆ సంచికలోనే చంపేసి నల్లావిడ కమావు కోగోని ముందుకు తెచ్చారు. పాత సినిమా అలవాటుతో చదివేవాడికి అక్కడే దెబ్బ. ఇక స్నానాల గదిలో కన్నంలోంచి తొంగిచూసే గార్డు ఉంటాడు, కమావుకి దొరికిపోతాడు.

పాత_అచ్చు:
అమ్మా, ఆ గార్డు చూసిందే పుస్తకం కొన్నవాడూ చూశాడు. వాడు దొరికాడు, వీడు దొరకలేదు.

నీలిసిరా:
పెనీ దగ్గరికి రండి. ఆమె మీద "విచ్చలవిడి స్థూలకాయం" అని నేరం మోపారు. ఆమె తలలో ఉన్న ఆదర్శ రూపం చూపిస్తాం అని యంత్రం తగిలిస్తే తెర మీద ఆమె ఉన్నది ఉన్నట్టే వచ్చింది, పెనీ నవ్వేసింది. ఆ పేజీలో మీ కొన్నవాడికి ఏం దొరికిందట?

మూడో_ప్యానెల్:
నాన్ కంప్లయంట్‌ని తెలుగులో ఏమంటాం? "అవిధేయ" అంటే పాఠ్యపుస్తకంలా ఉంది.

నీలిసిరా:
"బరితెగించింది". మనవాళ్లు తిట్టేది ఆ మాటతోనే. ఈ పుస్తకం అభిమానులు ఆ తిట్టునే పచ్చబొట్టు చేసుకున్నారు.

పాత_అచ్చు:
ఈ మాట బాగుంది. పెనీ పేజీ కూడా ఒప్పుకుంటా. స్నానాల గది మాత్రం ఒప్పుకోను. పైగా విడి సంచికల్లో వెనక వచ్చిన వ్యాసాలు, ఉత్తరాలు సంపుటాల్లో తీసేశారు. ఆ వాదన చదవకుండా బొమ్మ మాత్రమే చూసేవాడికి మిగిలేది కన్నమే.

ఆఫ్‌సెట్_అన్న:
అది ప్రచురణకర్తని అడగాల్సిన మాట, బొమ్మలేసినాయన్ని కాదు. మూడో_ప్యానెల్ గారూ, ఇందాక మర్చిపోయా: నలుపుని, కింది రంగుని కోయకుండా దాని మీదే పడేలా, ఓవర్‌ప్రింట్‌లో పెట్టండి. లేకపోతే రంగు ప్లేటు కాస్త జరిగినా గీత పక్కన తెల్లటి సన్న చీలిక కనబడుతుంది.