అప్‌డేట్: ఓడ ఎక్కేలోపు ముంబైలో ఒక పూట

కడప నుంచి పోయి, పొద్దున్నే సీఎస్‌ఎంటీ (ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్) రైల్వే స్టేషన్‌లో దిగి, సాయంత్రం గోవా క్రూజ్ ఎక్కేలోపు ఏం చూడొచ్చని అడిగాను కదా. జవాబులిచ్చిన అన్నలకు, అక్కలకు థ్యాంక్స్. తేలింది ఇదీ.

సముద్రంలోని దీవి మీదుండే ఎలిఫెంటా గుహలు వద్దే వద్దు. గేట్‌వే ఆఫ్ ఇండియా నుంచి లాంచీలో పోను గంట, రాను గంట, ఆపైన 120 మెట్లు. సోమవారమైతే గుహలకు సెలవే. ఓడ కదిలే టైం వేరు, చెక్-ఇన్ మూసే టైం వేరు. లెక్క రెండోదాన్ని బట్టే వేసుకోవాలి.

సామాను స్టేషన్ క్లోక్‌రూంలో పెట్టండి. రైలు టికెట్ చూపాలి, ప్రతి బ్యాగుకూ తాళం ఉండాలి. తాళం పట్టని గుడ్డసంచిని తీసుకోరు, అందులో బొరుగులుంటే పెద్ద బ్యాగులోకి దూర్చేయండి.

తర్వాత నడకే: 2004లో యునెస్కో జాబితాకెక్కిన ఆ స్టేషన్ భవనాన్నే ఎదురు రోడ్డు నుంచి తీరిగ్గా చూసి, ఫ్లోరా ఫౌంటెన్, కాలా ఘోడా మీదుగా గేట్‌వేకి. రెండున్నర కిలోమీటర్లుంటుంది. ఎండ మండితే దారిలోని శివాజీ మ్యూజియంలో దూరండి, నా లెక్కలో గేట్‌వే కంటే అదే మేలు.

దక్షిణ ముంబైలో ఆటోలు తిరగవు. స్టేషన్‌లో బ్యాగులు తీసుకుని మీటర్ టాక్సీలో ఓడ ఎక్కే రేవు బల్లార్డ్ పియర్‌కి పోవాలి. ఇస్త్రీపెట్టె, కరెంటు కెటిల్ ఇంట్లోనే వదిలేయండి, స్కానింగ్‌లో ఆపేస్తారు.