పిల్లల ఐసీయూలో బాబు. డాక్టర్లు చెప్పేది అర్థం కావట్లేదు, ఎలా అడగాలి?

బోడుప్పల్ అమ్మ:
మా బాబుకి నాలుగేళ్లు. డెంగీ. జ్వరం తగ్గిందని కాస్త కుదుటపడిన రోజే కాళ్లూ చేతులూ చల్లబడిపోయాయి. వెంటిలేటర్ పెట్టి ఇవాళ్టికి మూడో రోజు. పొద్దున 11కి, సాయంత్రం 5కి ఒక్కరినే పంపిస్తారు, పది నిమిషాలు. డాక్టర్ గారు "క్రిటికల్, బట్ స్టేబుల్" అని వెళ్లిపోతారు. రెండూ ఒకేసారి ఎలా అవుతాయి? నిన్న మొహం ఎంత వాచిందంటే వీడు నా బిడ్డేనా అనిపించింది. అడుగుదామంటే నోరు పెగల్లేదు. మిషన్ కూత వింటే ప్రాణం పోతోంది. చుట్టాలందరిదీ ఒకటే మాట, ప్లేట్‌లెట్లు ఎన్ని అని. 22 వేలట. ఎక్కువ అడిగితే విసుక్కుంటారేమో, బిడ్డ వాళ్ల చేతుల్లో ఉన్నాడు కదా.

ఐసీయూ సిస్టర్:
అమ్మా, నేను పదకొండేళ్లుగా పిల్లల ఐసీయూలో నర్సుని. మీరు అడిగారని బిడ్డను తక్కువ చూడం, ఆ భయం పెట్టుకోకండి. గండం ఇంకా గడవలేదు కాబట్టి క్రిటికల్. మందులతో, మిషన్‌తో బీపీ, ఆక్సిజన్ నిలబడ్డాయి కాబట్టి స్టేబుల్. ఇంతమాత్రం విడమరచి చెప్పకపోవడం మా తప్పే.

డెంగీలో రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారుతుంది, ఆ వాపు అదే. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో కారడం ఆగి, ఆ నీరు మళ్లీ రక్తంలోకి వస్తుంది. అప్పుడు మూత్రం బాగా వస్తుంది, వాపు దిగుతుంది. అందుకే ప్లేట్‌లెట్లతో పాటు మూత్రం ఎంత వచ్చింది, పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, ఎంత ఉంది అని కూడా అడగండి. వెంటిలేటర్ మీద ఆక్సిజన్ శాతం అడగండి. మామూలు గాలిలో 21 ఉంటుంది, ఆ అంకె దానికి దగ్గరవుతుంటే మంచిది. దగ్గినా, కఫం అడ్డుపడినా, వేలికున్న వైరు జారినా మిషన్ కూస్తుంది. ప్రతి కూతా ప్రమాదం కాదు.

ఇంట్లో ఏమని పిలుస్తారో మా వాళ్లకి చెప్పండి. మత్తులో ఉన్నా వినపడొచ్చు. పేషెంట్ అనడం వేరు, ఆ పేరుతో పిలవడం వేరు.

పాప నాన్న:
అక్కా, మా పాప ఐసీయూలో 19 రోజులుంది. మొదటి వారం నేనొకటి, మా అత్తగారొకటి, మా తమ్ముడొకటి అడిగి ముగ్గురం మూడు రకాలుగా అర్థం చేసుకున్నాం. తర్వాత నేనొక్కణ్ణే మాట్లాడటం మొదలెట్టా. రెండొందల పేజీల నోట్‌బుక్ కొని, "నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది? ఇవాళ మీకు దేని గురించి భయం?" అని రాసుకెళ్లేవాణ్ణి. రెండోది అడిగిన రోజు డాక్టర్ ఆగి కూర్చున్నారు. తెలుగులో చెప్పమనండి, మొహమాటం వద్దు. కేస్ షీట్ కాపీ కావాలంటే రాసివ్వండి. 72 గంటల్లో ఇవ్వాలని 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది.

బోడుప్పల్ అమ్మ:
సాయంత్రం అడిగాను. ఆక్సిజన్ 60 నుంచి 45కి దించారట. మూత్రం వస్తోందట. ఇంకా భయముందన్నారు, ఊపిరితిత్తుల చుట్టూ నీరుందట. అదీ రాసుకున్నా. "బుజ్జిగా" అని పిలుస్తామని సిస్టర్‌కి చెప్తే అట్టముక్క మీద రాసి మంచానికి అతికించింది. రేపు పొద్దున మా ఆయన వంతు, నోట్‌బుక్ ఆయనకిచ్చి పంపిస్తా.