జింబాబ్వేలో ఉన్నవాళ్లూ, ఉండి వచ్చినవాళ్లూ: అక్కడి ఇరుగుపొరుగు గురించి రాయండి

హరారే_పాతకాపు:
జింబాబ్వే పేరెత్తితే చాలు, ఎవరో ఒకరు వంద ట్రిలియన్ డాలర్ల నోటు ఫొటో పంపుతారు. 1 పక్కన 14 సున్నాలు. ఆ నోటు 2009 జనవరిలో వచ్చినప్పుడు నేను రాజధాని హరారేలోనే ఉన్నాను. మా వీధిలో దాన్ని చూసి ఎవరూ నవ్వలేదు. ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి దాచుకున్న పింఛను బస్సు టికెట్టుకు చాలకపోతే ఎవరికి నవ్వొస్తుంది?

ఈ చర్చ ఆ నోటు గురించి కాదు. ఆ రోజుల్ని జనం ఎలా దాటారో, ఎవరి తోడుతో దాటారో మనలో కొంతమంది దగ్గరగా చూశాం. టీచర్లుగా, ఇంజినీర్లుగా, మందుల కంపెనీల్లో పనిచేసి వచ్చినవాళ్లు ఈ గ్రూపులో చాలామందే ఉన్నారు. గుర్తున్నంత రాయండి.

ముందు నేను రాస్తాను. 2007 జూన్ చివర్లో ధరలన్నీ సగానికి తగ్గించాలని ప్రభుత్వం ఆదేశించింది. కొన్నాళ్లు జనం ఎగబడి కొన్నారు, తర్వాత షాపుల్లో అరలు ఖాళీ. కొన్న ధరకన్నా తక్కువకు అమ్మమంటే మళ్లీ సరుకు ఎవరు తెస్తారు? మరుసటి ఏడాది జూలైకి అధికారిక లెక్కలోనే ద్రవ్యోల్బణం 23.1 కోట్ల శాతం. జీతం చేతికొచ్చిన గంటలోనే దాన్ని ఏదో ఒక వస్తువుగా మార్చుకోవాలి. సాయంత్రానికి ధర మారిపోయేది.

మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేది. వీధంతా ఆవిడను అంబుయా అనే పిలిచేవాళ్లం, మనం అమ్మమ్మా అన్నట్టు. బ్రెడ్డు వచ్చిందని ఏ పిల్లాడో పరుగెత్తుకొచ్చి చెబితే, ఉద్యోగాలకు వెళ్లినవాళ్ల తరఫున కూడా ఆవిడే వెళ్లి వరసలో నిలబడేది. మనిషికి ఇన్నే అని షాపువాడు లెక్క పెడితే మనవళ్లను, మనవరాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేది. సాయంత్రం నేను గేటు తీసేసరికి నా వాటా వార్తాపత్రికలో చుట్టి ఉండేది. డబ్బివ్వబోతే "నీకు మా ఊళ్లో ఎవరున్నారు?" అనేది. ఆవిడ కూతురు ఇంగ్లండులో నర్సు. అక్కడి నుంచి వచ్చిన పాలపొడి డబ్బా ఆవిడ ఇంట్లో ఒక్కరోజు కూడా నిలిచేది కాదు. వీధిలో పసిపిల్లలున్న ఇళ్లన్నీ తిరిగి వచ్చేది.

బులవాయో_అక్క:
బాబూ, మంచి పని చేశావు. మావారి ఉద్యోగం వల్ల మేము బులవాయోలో ఉన్నాం. హరారే షోనా వాళ్లదైతే, బులవాయో ఎక్కువగా ఎన్‌డెబెలే వాళ్ల ఊరు. దక్షిణాఫ్రికాకు దగ్గర కాబట్టి ప్రతి ఇంటి నుంచీ ఒకరైనా జోహన్నెస్‌బర్గ్‌లో ఉండేవారు.

నాకు బాగా గుర్తున్నది మలాయిచాలు. వెనక ట్రెయిలర్ తగిలించిన వ్యాన్లు, పైన మేడంత సామాను. పరుపులు, మొక్కజొన్న పిండి బస్తాలు, నూనె డబ్బాలు, సైకిళ్లు. జోహన్నెస్‌బర్గ్‌లో పనిచేసే కొడుకు ఇవన్నీ డ్రైవర్‌కు అప్పగిస్తాడు, అతను బైట్‌బ్రిడ్జ్ సరిహద్దు దాటించి ఊళ్లో తల్లి గుమ్మంలో దించుతాడు. డబ్బు కవరు కూడా అతని చేతికే. చాలాసార్లు రసీదు ఉండదు, సంతకం ఉండదు. మోసం చేసినవాడు లేడని నేను అనను. కానీ ఒకసారి మాట పోతే ఆ వీధిలో అతనికి మళ్లీ సామాను ఇచ్చేవాళ్లుండరు, అదే పూచీకత్తు. మా ఎదురింటికి వ్యాను వచ్చిందంటే పిల్లలంతా గేటు దగ్గరే. దించడానికి మగవాళ్లు చొక్కాలు మడిచి వచ్చేసేవారు, ఎవరూ పిలవకుండానే.

నీళ్ల సంగతి వేరే చెప్పాలి. బులవాయోది ఎప్పుడూ వర్షాలు తక్కువ ప్రాంతమే. 2012 సెప్టెంబరులో ఊరంతా ఒకే సమయానికి, శనివారం రాత్రి 7:30కి, మరుగుదొడ్లలో నీళ్లు వదలమని నగరపాలక సంస్థ ప్రకటించింది. సరఫరా రోజుల తరబడి ఆగి గొట్టాల్లో మురుగు గట్టిపడుతుందని. ఆ రాత్రి మేమూ బకెట్టు పట్టుకుని గడియారం చూస్తూ నిలబడ్డాం. బోరింగు దగ్గర బకెట్ల వరసలో ముసలివాళ్లవి ఎప్పుడూ ముందుకు జరిగేవి, జరపమని అడగక్కర్లేదు.

లెక్కల_మాస్టారు:
నేను మస్వింగో వైపు ఒక పల్లెటూరి బడిలో పాఠాలు చెప్పాను. 2008లో టీచరు జీతం ఎంత పడిపోయిందంటే, దాన్ని తెచ్చుకోవడానికి టౌనులో బ్యాంకుకు వెళ్లొచ్చే బస్సు ఛార్జీలకు కూడా చాలదు. నాతో పనిచేసేవాళ్లు ఒక్కొక్కరూ సరిహద్దు దాటి వెళ్లిపోయారు. ఎం.ఎస్సీ. చదివిన మనిషి దక్షిణాఫ్రికా ద్రాక్షతోటల్లో కూలికి వెళ్లాడు. వాళ్లను తప్పు పట్టను. ఉన్న కొద్దిమందికి తల్లిదండ్రులు మొక్కజొన్నలు, కోళ్లు, ఎండబెట్టిన గుమ్మడాకు తెచ్చి ఇచ్చేవారు. వాళ్ల గాదెలూ నిండుగా ఏమీ లేవు.

నేను ఎక్కువ చెప్పాలనుకున్నది న్హింబె గురించి. వితంతువో, జబ్బు మనిషో ఉన్న ఇంటి పొలంలో కలుపు మిగిలిపోతే, ఆ ఇంటివాళ్లు రాగులతో బీరు కాచి ఫలానా రోజు రమ్మని కబురు పెడతారు. తెల్లవారకముందే ఊరంతా పారలు, గొడ్డళ్లు, ఎడ్లు తీసుకుని వస్తారు. పాటలు పాడుతూ పని. మధ్యాహ్నానికి పొలం శుభ్రం. తర్వాత సాడ్జా, అంటే మొక్కజొన్న పిండి సంకటి, ఆకుకూర, దొరికితే మాంసం, ఆ తర్వాత బీరు. కూలి మాట ఉండదు. రేపు ఇంకొకరి పొలం. మా చిన్నప్పుడు మా ఊళ్లో బదులు పనులు ఉండేవి, నేను డిగ్రీకి వచ్చేసరికే పోయాయి. అక్కడ నా కళ్ల ముందు జరుగుతుంటే నేనూ పార పట్టుకున్నాను.

జుండె రమాంబో అని ఇంకొకటి. ఊరి పెద్ద పేరు మీద ఒక పొలాన్ని అందరూ కలిసి పండిస్తారు. ఆ గింజలు అనాథలకు, ముసలివాళ్లకు, కరువు ఏడాదికి. ఇది అన్ని ఊళ్లలో సరిగా నడిచేది కాదు. మా దగ్గర నడిచింది. అది నడవబట్టే ఆ ఏడాది మా బడిలో కొంతమంది పిల్లలు తిన్నారు.

మందులషాపు:
అందరికీ దండం. ఒక్క మాట కటువుగా చెబుతాను, తప్పుగా అనుకోవద్దు. చదువుతుంటే అక్కడ అందరూ చేయీ చేయీ పట్టుకుని సుఖంగా గట్టెక్కారు అన్నట్టుంది. 2008 ఆగస్టు నుంచి కలరా. దాదాపు 98 వేల మందికి సోకింది, 4 వేలకు పైగా చనిపోయారు. అది ఉప్పు, పంచదార, శుభ్రమైన నీళ్లు ఉంటే ఎక్కువ మందిని బతికించగల జబ్బు. ఆ మూడూ లేవు. హరారేలో బుదిరిరో పేట అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతింది. నేను అప్పుడు మందుల సరఫరా పనిలో ఉన్నాను. ఒక క్లినిక్‌లో నేల మీద పడుకోబెట్టిన మనుషుల్ని దాటుకుంటూ సెలైన్ పెట్టెలు మోశాం.

ఇరుగుపొరుగు ఆదుకున్నారు, నిజమే. ఆదుకోవాల్సి వచ్చింది, ఎందుకంటే కుళాయిలో నీళ్లు రావాల్సిన చోట రాలేదు. ఆ ఆదుకోవడంలో కూడా ఎంత కష్టముందో చూడండి. అక్కడ చావింటికి వెళ్తే ఇంట్లోవాళ్లందరి చేతులూ పట్టుకుని పలకరించడం ఆచారం. అందరూ కలిసి తినడం ఆచారం. కలరా రోజుల్లో చేతులు కలపొద్దు, అక్కడ తినొద్దు అని ఆరోగ్య సిబ్బంది చెప్పారు. కొడుకును పోగొట్టుకున్న తల్లి ఎదుట చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డవాళ్లను చూశాను. ఆ తల్లి ముఖం కన్నా వాళ్ల ముఖాలే నాకు ఎక్కువ గుర్తు.

హరారే_పాతకాపు:
మీరు రాసింది ఉండాల్సిందే సార్. చర్చకు ఈ వైపు కూడా కావాలి.

బులవాయో_అక్క:
మందులషాపు గారూ, మీరన్నది అక్షరాలా నిజం. దానికే ఇంకొకటి కలుపుతాను. ఆడవాళ్లు నడిపే రౌండ్లు చూశారా? మన చీటీల వంటివే, పాట మాత్రం ఉండదు. పదిమంది నెలనెలా తలా ఇంత వేస్తారు, ఒక్కో నెల ఒక్కొక్కరికి మొత్తం. డబ్బుకు విలువ లేని ఏడాది వాళ్లు ఏం చేశారో తెలుసా, డబ్బు బదులు సరుకులు వేశారు. ఈ నెల నీకు పది సీసాల నూనె, వచ్చే నెల ఆవిడకు. కాగితం నోటు ఆగిపోయినా రౌండు ఆగలేదు. చావు ఖర్చులకు విడిగా సంఘాలు కూడా ఉండేవి. శవాన్ని సొంతూరికి తీసుకెళ్లడం వాళ్లకు చాలా ముఖ్యం, దానికి పెట్రోలు కావాలి కదా.

క్రికెట్_పిచ్చోడు:
నేను అక్కడ ఎక్కువ కాలం లేను, ఉన్నన్నాళ్లూ హరారే స్పోర్ట్స్ క్లబ్ వదల్లేదు. కాజిల్ కార్నర్ అనే మూల ఉంటుంది. జట్టు ఓడిపోతున్నా చివరి బంతి దాకా పాడుతూనే ఉంటారు. 2018 మార్చిలో యూఏఈ చేతిలో 3 పరుగుల తేడాతో ఓడి ప్రపంచకప్‌కు వెళ్లే అవకాశం పోయిన రోజున మాత్రం చాలాసేపు ఎవరూ కదల్లేదు. 2003 ఫిబ్రవరి 10న ఇదే గ్రౌండులో జింబాబ్వే ఆటగాళ్లు ఆండీ ఫ్లవర్, హెన్రీ ఒలోంగా దేశంలో ప్రజాస్వామ్యం చచ్చిపోయిందని నల్లబ్యాండ్లు కట్టుకుని దిగారు. నా పక్కన కూర్చునే ఒక పెద్దాయన ఆ మ్యాచ్‌కు వచ్చాడట. ఇద్దరూ దేశం వదిలి వెళ్లాల్సి వచ్చిందని చెప్తూ చాలా బాధపడ్డాడు.

హబ్సిగూడ:
నేను జింబాబ్వే వెళ్లలేదు. హైదరాబాద్‌లో చదివేటప్పుడు నా క్లాసులో ఒక జింబాబ్వే అబ్బాయి ఉండేవాడు. 1980 నుంచి దేశాన్ని ఏలిన ముగాబే 2017 నవంబర్ 21న రాజీనామా చేసిన రాత్రి వాళ్ల రూములో నేనూ ఉన్నాను. పదిమంది ఒక ఫోన్ చుట్టూ. హరారే వీధుల్లో జనం కార్లెక్కి ఎగురుతున్నారు. వీళ్లూ ఎగిరారు. కాసేపటికి మావాడు బాల్కనీలోకి వెళ్లి కూర్చున్నాడు. "1980లో స్వాతంత్ర్యం వచ్చాకే మా పల్లెకు హైస్కూలు వచ్చింది, మా అమ్మ అందులో చదివి టీచరయింది. ఆ టీచరు జీతాన్ని కాగితం చేసిందీ ఆయనే" అన్నాడు. సంతోషమా, దుఃఖమా అంటే నాకు చెప్పడం రాదు. ఆ రాత్రి సాడ్జా వండుకుని వేరుశనగ ముద్ద కలిపిన ఆకుకూరతో తిన్నాం.

లెక్కల_మాస్టారు:
హబ్సిగూడ బాబూ, మీ మిత్రుడి మాట నిజం. నేను పనిచేసిన బడి కూడా ఆ కాలంలో కట్టిందే. ఇటుకలు కాల్చింది తల్లిదండ్రులే.

ఫీల్డ్_వర్కర్:
ఇంకా ఎవరూ ఫ్రెండ్‌షిప్ బెంచ్ గురించి రాయలేదు. 2006లో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు హరారే ఎంబారే పేటలో మొదలుపెట్టారు. దేశం మొత్తానికి వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది మానసిక వైద్యులు. ఆయనకు దొరికింది 14 మంది అమ్మమ్మలు, క్లినిక్ బయట చెట్టు కింద ఒక చెక్క బెంచీ. డాక్టరు దగ్గరికి వెళ్లి డిప్రెషన్ అని అక్కడ ఎవరూ చెప్పరు. "ఆలోచనలు ఎక్కువయ్యాయి" అంటారు. అమ్మమ్మ పక్కన కూర్చుని చెప్పుకుంటారు. ఆవిడ సలహా ఇచ్చేయదు. ఉన్న సమస్యల్లో ఒక్కదాన్ని ఎంచుకోమంటుంది, ఈ వారం దానికి ఏం చేయగలవో నీ నోటితోనే చెప్పిస్తుంది. వచ్చేవారం మళ్లీ కలుస్తారు. 2016లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం మామూలు చికిత్స పొందినవాళ్లకన్నా ఈ బెంచీ మీద కూర్చున్నవాళ్లకు ఎక్కువ నయమైంది.

నేను చూసినప్పుడు నన్ను కదిలించింది తర్వాతి భాగం. నయమైనవాళ్లు గుంపుగా కలుస్తారు. పాత ప్లాస్టిక్‌తో సంచులు అల్లుకుంటూ మాట్లాడుకుంటారు. భర్త వదిలేసినావిడ, హెచ్ఐవీ మందులు వాడే కుర్రది, ఉద్యోగం పోయిన టీచరమ్మ ఒకే చాప మీద. సంచి అమ్ముడైతే పిల్లాడి ఫీజులోకి వెళ్తుంది. మన జిల్లా ఆసుపత్రుల దగ్గర ఇలాంటిది పెట్టాలని నేను చాలాచోట్ల అడిగాను, ఇంకా అడుగుతూనే ఉన్నాను.

గుంటూరు_టు_హరారే:
నమస్కారం. వచ్చే నెల ఉద్యోగం మీద హరారే వెళ్తున్నాను, కుటుంబంతో. కొంచెం టెన్షన్‌గా ఉంది. ఇప్పుడు అక్కడ ఏ డబ్బు నడుస్తుంది? వీధిలోవాళ్లతో ఎలా ఉండాలి? పెద్దలు చెప్పగలరు.

హరారే_పాతకాపు:
టెన్షన్ వద్దు. 2024 ఏప్రిల్‌లో జిగ్ అని కొత్త కరెన్సీ వచ్చింది, అయినా రోజువారీ పనులకు అమెరికన్ డాలర్లే ఎక్కువ. ఒకటి, అయిదు డాలర్ల నోట్లు శుభ్రమైనవి పట్టుకెళ్లండి. చినిగిపోతే తీసుకోరు. చిల్లర దొరకడం ఎప్పుడూ కష్టమే, ఒకప్పుడు చిల్లర బదులు చాక్లెట్లు, పెన్నులు చేతిలో పెట్టేవారు. ఇల్లు చూసేటప్పుడు బోరు ఉందా, సోలార్ ఉందా అని ముందే అడగండి. కరీబా డ్యామ్‌లో నీళ్లు తగ్గితే కరెంటు కోతలు ఎక్కువవుతాయి, 2019లో రోజుకు 18 గంటల దాకా పోయింది.

బులవాయో_అక్క:
గుంటూరు బాబూ, మీ ఆవిడతో కూడా ఒకటి చెప్పు. పొద్దున్నే ఎవరు కనబడినా ముందు బాగా పడుకున్నారా అని అడగాలి, వాళ్ల జవాబు వినాలి, ఆ తర్వాతే పని మాట. షాపులోనైనా అంతే. నేరుగా "కిలో టమాటాలివ్వు" అంటే చాలా మొరటుగా ఉంటుంది. పెద్దవాళ్లకు ఏదిచ్చినా రెండు చేతులతో ఇవ్వండి. వీధిలో ఎవరింట్లో చావు జరిగినా మీ ఇద్దరూ వెళ్లండి, భాష రాకపోయినా సరే. చేమా అని కొంత డబ్బు ఇస్తారు, ఒక డాలరైనా పర్వాలేదు, పుస్తకంలో పేరు రాసుకుంటారు. మీ ఆవిడ వంటింటి వైపు వెళ్లి ఆకుకూర తరగడానికి కూర్చుంటే చాలు, మర్నాటి నుంచి మీ పిల్లాడి పేరు పెట్టి ఆవిడను ఫలానావాళ్ల అమ్మ అనే పిలుస్తారు.

మందులషాపు:
తాగే నీళ్లు మాత్రం కాచి తాగండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇంట్లో ఎప్పుడూ ఉంచుకోండి, పక్కింటి వాళ్లకు కూడా సరిపడా.

గుంటూరు_టు_హరారే:
అందరికీ ధన్యవాదాలు. అక్కా, అక్కడ గోంగూర దొరుకుతుందా?

బులవాయో_అక్క:
విత్తనాలు అక్కడి చట్టం చూసుకుని తీసుకెళ్లండి, విమానాశ్రయంలో అడుగుతారు. లేదంటే ఎంబారే మార్కెట్‌కు వెళ్లి అక్కడి ఆకుకూరలతో మొదలుపెట్టండి. గుమ్మడాకు, కోవో అనే ఆకుకూర, బెండకాయ అన్నీ ఉంటాయి. మీ పెరట్లో నాలుగు మడులు వేసుకుంటే చేయాల్సిన పని పక్కింటావిడే వచ్చి చెబుతుంది.

హరారే_పాతకాపు:
ముతారే, చిమానిమాని వైపు ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? 2019 మార్చిలో ఆ వైపు ఇదాయ్ తుఫాను వచ్చినప్పుడు హరారేలో ఒక చర్చి దగ్గర బట్టలు, బియ్యం కుప్పలు పోశారు, ఒక ముసలావిడ బస్సు ఛార్జీ లేక మూట నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చింది. ఆ సామాను అక్కడ కొండల్లో దించుకున్నవాళ్ల సంగతి నాకు తెలియదు. ఎవరైనా ఉంటే రాయండి.